ఊరి తరుగుకు లెక్క రాయండి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని నగరపాలక, పురపాలక సంస్థల పాలకవర్గాలకు, నోటిఫైడ్ ఏరియా కౌన్సిళ్ళ సభ్యులకు, ఆయా కార్యాలయాల అధికారులకు నమస్కరించి వ్రాయునది.

నేను బరంపురంలో ఒక కంసాలి ఇంట పుట్టాను. ఇక్కడి తెలుగు పిల్లలకూ ఒడియా పిల్లలకూ ముప్పై ఏళ్ళకు పైగా రసాయన శాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేశాను. వానలు పడేలోగా మీరు కాలువల్లో పూడిక తీయిస్తారు. ఊరి బయట ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తగుట్టలను తవ్వించి, జల్లెడ పట్టించి, ఆ నేలను ఖాళీ చేయించే పని కూడా ఒక్కో పట్టణంలో ఒక్కో దశలో ఉంది. ఇటువంటి పనులకు వెలువడే టెండరు ప్రకటనలను నేను శ్రద్ధగా చదువుతాను. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి ఎత్తాలో, ఎన్ని టన్నుల చెత్త తరలించాలో, టన్నుకు ఎంత చెల్లిస్తారో వాటిలో ఉంటుంది. ఎత్తిన మట్టిలో, తవ్విన చెత్తలో, పెకలించిన గొట్టాల్లో ఏ లోహం ఎంత ఉన్నదో, అది చివరకు ఎవరికి చేరిందో రాసే గడి మాత్రం నేను చదివినవాటిలో ఎక్కడా కనబడలేదు. ఆ గడి పెట్టమని అడగడం కోసమే ఈ ఉత్తరం.

నగ చేయించుకున్న ప్రతి ఇల్లాలికీ తరుగు అంటే ఏమిటో తెలుసు. బంగారాన్ని కరిగించి, సాగదీసి, కత్తిరించి, ఆకురాయితో రాసి, మెరుగు పెట్టేటప్పుడు రాలిపోయే రజను అది. నగ కొన్నవారి లెక్కలో అది పోయినట్టే. కంసాలి లెక్కలో మాత్రం ఎక్కడికీ పోలేదు. కొంత నేల మీద ఉంటుంది, కొంత కుంపటి బూడిదలో ఉంటుంది, కొంత తాను కూర్చునే గోనెపట్టాలో, కొంత చేతులు కడుక్కున్న నీళ్ళలో ఉంటుంది. మా నాన్నగారి కొట్లో సాయంత్రం ఊడ్చిన దుమ్మును ఒక్కరోజైనా వీధిలో పారబోయలేదు. దాన్ని మూతకుండలో పోసేవారు. చేతులు కడిగిన నీళ్ళకు వేరే తొట్టె ఉండేది. గోనెపట్టా చిరిగిపోయాక దాన్ని కాల్చి, ఆ బూడిదనూ కుండలోనే కలిపేవారు. ఏడాదికోసారి ఆ దుమ్మును కడిగేవాళ్ళు వచ్చి, బేరమాడి కొనుక్కునేవారు. దుమ్మును నీటితో కడిగి లోహం తీసే ఆ పనిని మా పెద్దలు జలగడగడం అనేవారు. దాన్నే నమ్ముకుని బతికిన కుటుంబాలు తెలుగువారిలో తరతరాలుగా ఉన్నాయి.

అలా వచ్చేవాళ్ళలో ఒక ముసలావిడ ఉండేది. మేమందరం ఆవిడను మామ్మ అనేవాళ్ళం. కొట్లోని దుమ్మును మగవాళ్ళు కొనుక్కుపోతే, ఆవిడ మా వీధి వెనుక కాలువ దగ్గర కూర్చుని, కాలువ అడుగున పేరుకున్న నల్లటి బురదను చేత్తో తోడి, పడవలాగా తొలిచిన చెక్క మరిగెలో వేసుకునేది. నీళ్ళు పోసి మరిగెను కొద్దిగా వంచి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊపుతూ ఉంటే పైనున్న ఒండ్రు మెల్లమెల్లగా జారిపోయేది. ఆ తరువాత అయస్కాంతం ముక్కను గుడ్డలో చుట్టి అందులో తిప్పేది. ఆకురాయి రజను, ఇనుప పొట్టు దానికి అంటుకుని వచ్చేసేవి. చివరికి మరిగె అడుగున చిటికెడు నల్ల ఇసుక, దాని అంచున కంటికి ఆనీ ఆనని పసుపు గీత మిగిలేవి. ఎనిమిదేళ్ళ పిల్లనైన నేను పక్కన గొంతుక్కూర్చుని, బంగారం నీళ్ళతో పాటు ఎందుకు కొట్టుకుపోలేదని అడిగితే, "నీటికి బరువు తెలుసమ్మా. తేలికదాన్ని తీసుకుపోతాది, బరువుదాన్ని ఒగ్గేస్తాది" అని చెప్పింది. సాంద్రత గురించి నేను తరగతి గదిలో చెప్పిన పాఠాలన్నిటికీ ఆ మాటే మొదలు.

ఆవిడ కథలో మిగిలిన భాగం కూడా చెప్పాలి. ఆ పసుపు గీతను పట్టుకోవడానికి ఆవిడ చిన్న సీసాలోంచి పాదరసం చుక్క వేసేది. పాదరసం బంగారాన్ని తనలో కలుపుకున్నాక, దాన్ని గుడ్డలో వేసి పిండి, మిగిలిన ముద్దను మూసలో పెట్టి బొగ్గుల మీద వేడిచేసేది. పాదరసం ఆవిరై పోగా గురిగింజలో పదో వంతు కూడా లేని బంగారు పూస మిగిలేది. కొన్నేళ్ళకు ఆవిడ చేతులు వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోయేవి. వయసు వల్ల వచ్చిన వణుకని అందరం అనుకున్నాం. అది పాదరసపు ఆవిరి నరాలకు చేసే హాని అని కాలేజీలో చదువుకున్న రోజున నాకు అన్నం సయించలేదు. అందుచేత, పాత పద్ధతులను ఉన్నవి ఉన్నట్టుగా తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. ఆవిడ చూపును మనం తీసుకోవాలి, ఆవిడ పడిన హానిని ఇంకెవరికీ రానివ్వకూడదు.

కాలువ బురదలో బంగారం అంటే నమ్మడం కష్టంగా ఉంటుందేమో. జపాన్‌లోని నాగానో ప్రాంతంలో సువా అనే ఊరి మురుగుశుద్ధి కేంద్రంలో బురదను కాల్చగా మిగిలిన బూడిదలో టన్నుకు 1,890 గ్రాముల బంగారం ఉన్నట్టు 2009లో ప్రకటించారు. అదే దేశంలోని ప్రఖ్యాతమైన హిషికరి గనిలో తీసే ముడిరాయిలో టన్నుకు 20 నుంచి 40 గ్రాములు మాత్రమే ఉంటుంది. సువా చుట్టుపక్కల సున్నితమైన యంత్రభాగాలు తయారుచేసే కర్మాగారాలు చాలా ఉండడం, వాటిలో వాడిన బంగారం మురుగులోకి చేరడం అందుకు కారణం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 2017లో తమ దేశపు మురుగునీటిని లెక్కగట్టి, ఏటా సుమారు 43 కిలోల బంగారం, 3,000 కిలోల వెండి అందులో కలిసిపోతున్నాయని తేల్చారు. బంగారు శుద్ధి కర్మాగారాలున్న టిచీనో ప్రాంతంలో ఆ పాళ్ళు మిగతాచోట్ల కన్నా ఎక్కువగా కనిపించాయి. లోహంతో పనిచేసే చేతులు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో అక్కడి కాలువలోనే లోహం ఉంటుంది. మన పట్టణాల్లో బంగారుపని, వెండిపని చేసే వీధులు ఏవో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ వీధుల పూడికను మిగతా ఊరి పూడికతో కలిపి పల్లపు స్థలాలు పూడ్చడానికి తోలించే ముందు, దాన్ని వేరుగా ఆరబెట్టించి, నమూనాను భువనేశ్వర్‌లోని ఖనిజ, పదార్థ సాంకేతిక పరిశోధన సంస్థకు పంపండి. ఆ సంస్థ ఒకనాటి ప్రాంతీయ పరిశోధనశాలగా 1964 నుంచి ఖనిజాల వేరుచేత మీద పనిచేస్తున్నది. ఇటువంటి పనికి అంతకన్నా తగిన చోటు మన రాష్ట్రంలో నాకు తెలియదు. బంగారం లాభసాటిగా లేదని తేలినా, ఆ బురదలో సీసం, కాడ్మియం, రాగి ఎంతున్నాయో అదే పరీక్షలో తెలిసిపోతుంది. అలాంటి మట్టిని ఎవరి ఇంటి పునాదిలో పోయించకూడదో కూడా తెలుస్తుంది.

ఇక చెత్తగుట్టల సంగతి. పాత గుట్టలను తవ్వితే గుప్తనిధులు బయటపడతాయని చెప్పేవారిని నమ్మవద్దు. మన గుట్టల్లో లోహం తక్కువ. ఇనుప ముక్క, సత్తు గిన్నె, ఇత్తడి చెంబు, రాగి తీగ వంటివి గుట్టదాకా చేరకముందే మూడు నాలుగు చేతులు వాటిని ఏరుకుంటాయి: ఇంటి ఇల్లాలు, తోపుడుబండి మీద తిరిగే కబాడివాడు, పారిశుద్ధ్య కార్మికుడు, చివరగా గుట్ట మీద సంచితో తిరిగే మనిషి. మిగిలేది ఎక్కువగా మట్టి, ప్లాస్టిక్, గుడ్డపేలికలు, రాళ్ళు. 1953లో టెల్ అవీవ్‌లో పాత చెత్తగుట్టను తవ్వినప్పుడు కూడా ఆశించినది లోహం కాదు, తోటలకు పనికివచ్చే మట్టి. అయితే గుట్టల్లో అందరి చేతులూ దాటి లోపలికి పోయినవి కొన్ని ఉంటాయి. ట్యూబులైట్లు, ఎక్స్‌రే ఫిల్ములు, సెల్‌ఫోను బోర్డులు, పెన్సిల్ బ్యాటరీలు. ఇవి బరువులో తక్కువ, విలువలోనూ విషంలోనూ ఎక్కువ. జల్లెడ పట్టే యంత్రం దగ్గర వాటిని ఏరడానికి నలుగురు మనుషులను, చేతి తొడుగులను, నాలుగు డబ్బాలను పెట్టమని ఒప్పందంలో ఒక్క వాక్యం రాస్తే చాలు. జల్లెడ కిందకు రాలిన నల్లమట్టిని రైతులకు ఇచ్చే ముందు భారలోహాల పరీక్ష తప్పనిసరి చేయాలి. మట్టి నల్లగా ఉందని మంచి ఎరువనుకుని వంగతోటలో చల్లే రైతుకు అందులో ఏముందో చూసే సాధనం లేదు, మీకు ఉంది.

నా దృష్టిలో మన పట్టణాల అసలు గని గుట్టల్లో లేదు. వాడుక పోయి, ఎవరూ తీయక, నేలలోనూ గోడల్లోనూ స్తంభాల మీదా ఉండిపోయిన పాత వ్యవస్థల్లో ఉంది. నగరాలే గనులు అన్న ఆలోచనను 1980లలో జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయ ఆచార్యులొకరు ప్రచారంలోకి తెచ్చారు. తరువాత స్వీడన్ పరిశోధకులు నోర్షాపింగ్ అనే ఊరిలో వీధుల కింద వాడకం మానేసిన కరెంటు కేబుళ్ళలో, గ్యాసు గొట్టాల్లో ఎంత రాగి, ఇనుము, అల్యూమినియం నిద్రపోతున్నదో పటాలు గీసి మరీ లెక్కవేశారు. మన ఊళ్ళలో ఆ లెక్క ఇంకా సులువు, ఎందుకంటే ఏది ఎప్పుడు వేశారో చెప్పగల పాత ఫిట్టర్లు, లైన్‌మన్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

ఆలస్యం చేస్తే ఆ మనుషులు ఉండరు గనుక ఈ విషయం మీద కొంచెం ఎక్కువగా రాస్తున్నాను. ల్యాండ్‌లైన్ల కాలంలో వీధి వీధికీ నేలలో వేసిన టెలిఫోను కేబుళ్ళు ఒక్కొక్కదానిలో వందేసి జతల రాగి తీగలు ఉన్నాయి. ఇప్పుడు సంకేతాలు గాజు నారల గుండా పోతున్నాయి. రాగి అక్కడే ఉండిపోయింది. గత ఏడాది మా బంధువులుండే ఒక చిన్న పట్టణంలో కాలువ తిరిగి కడుతున్నప్పుడు జేసీబీ దంతానికి ఆ కేబులు తగిలి తెగింది. తెగిన కొన నుంచి నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల సన్నని తీగలు పెళ్ళిపందిరి తోరణంలా వేలాడుతున్నాయి. గుత్తేదారు మనుషులు దాన్ని పక్కకు తోసి పని కానిచ్చారు. మర్నాడు పొద్దున్నే అక్కడ కేబులు లేదు. ఎవరు తీసుకుపోయారో నేను చెప్పను. ఆ ప్రజాధనం ఎంత తూగిందో కూడా ఎవరూ రాసుకోలేదన్నదే నా బాధ. పాత మంచినీటి గొట్టాల్లోనూ ఇదే కథ. పోత ఇనుప గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి, సందులో నార కుక్కి, కరిగించిన సీసం పోసి అతికేవారు. ఇప్పుడు కొత్త గొట్టాలు వేస్తూ పాతవాటిని పెకలిస్తున్నారు. ప్రతి అతుకులోనూ సీసపు కడియం ఉంటుంది. ఆ గొట్టాలు ఇనుము ధరకు తుక్కుగా పోతే సీసం ఉచితంగా పోయినట్టే. పైగా వాటిని సుత్తితో పగలగొట్టి కరిగించేవాళ్ళ ఇంట్లో ఆ సీసం పిల్లల ఒంట్లోకి చేరుతుంది. సీసం వల్ల హాని పొందే స్థాయిలో ఉన్న పిల్లలు ప్రపంచంలో ప్రతి ముగ్గురిలో ఒకరని 2020లో యునిసెఫ్ ప్రకటించింది.

కరెంటు తీగల విషయం మన జిల్లాలకు మరీ ప్రత్యేకం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను కుదిపేసింది. స్తంభాలు వరుసలు వరుసలుగా ఒరిగిపోయాయి. రాత్రింబవళ్ళు పనిచేసి కొత్త లైన్లు లాగిన లైన్‌మన్ల రుణం మనం తీర్చుకోలేనిది. అప్పుడు ప్రాణాలకూ వెలుతురుకూ తొందర గనుక, పడిపోయిన పాత తీగను చుట్టచుట్టి లెక్కరాసే తీరిక చాలాచోట్ల ఎవరికీ లేదు. ఆ తీగలో నడుమ ఉక్కు పోగు, చుట్టూ అల్యూమినియం పోగులు ఉంటాయి. ముడి ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో దాదాపు ఇరవయ్యో వంతుతో పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్ళీ వాడుకోవచ్చు. కొరాపుట్ కొండల్లో బాక్సైటు తవ్వకం మన కళ్ళ ముందే జరుగుతోంది. కొండను తవ్వి తీసిన లోహాన్ని పొదల్లో వదిలేసి, దాని కోసం ఇంకో కొండ తవ్వడం నాకు మనస్కరించదు. తుపాను సహాయక పనుల ప్రణాళికలోనే, కొత్త తీగతో పాటు పాత తీగను వెనక్కు తెచ్చి తూకం వేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. దామన్‌జోడిలో బాక్సైటును శుద్ధిచేయగా మిగిలిన ఎర్రమట్టి చెరువుల్లో ఉన్న గాలియం వంటి అరుదైన లోహాల సంగతి ఇంకా పెద్దది. అది మీ పరిధిలో లేదు గనుక ఇక్కడ ఆపుతున్నాను.

పాత లోహం విలువ మన పల్లెలకు తెలియక కాదు. పర్లాకిమిడి దగ్గర మా అమ్మ పుట్టింట్లో వంటింటి పైకప్పుకు దూలంగా వేలంలో కొన్న పాత రైలు పట్టా ఉంది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలై, తరువాత గుణుపురం దాకా సాగిన చిన్న రైలు 2004లో బ్రాడ్‌గేజి కోసం ఆగిపోయింది. ఆ దూలం ఇప్పటికీ ఇంటిని మోస్తున్నది. మా అమ్మ పెళ్ళి పట్టుచీర చిరిగిపోయాక దాని జరీని అమ్మితే వచ్చిన వెండితో నాకు పట్టీలు చేయించింది. బరంపురం పట్టు కట్టిన ఇళ్ళలో ఇటువంటి జ్ఞాపకం లేని ఇల్లు అరుదు. ఇంట్లో ఉన్న ఈ బుద్ధి ఊరి కాగితాల్లోకి రావాలి.

ఇప్పుడు ఒక పిల్లవాడి గురించి చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం చెరువుగట్టు మీద నడుస్తుండగా, గట్టు దిగువన మంట కనబడింది. మంట అంచులు పచ్చగా ఉన్నాయి. ప్రయోగశాలలో రాగి లవణాన్ని తీగ కొనకు అంటించి మంటలో పెడితే వచ్చే పచ్చదనం అదే. కిందికి దిగి చూస్తే, తొమ్మిదో తరగతిలో నా దగ్గర చదివి మధ్యలో మానేసిన కుర్రవాడు. చేతిలో ఇనుప చువ్వ, ముఖానికి తడి తువ్వాలు. వైర్ల ఉండను మంటలో తిప్పుతున్నాడు. ఆ రంగును మంటలో మొదట అతనికి చూపించింది నేనే. "ఇంత వైరు ఎవుడు ఒలుస్తాడు టీచరుగారూ, కాలిస్తే గంటలో అయిపోద్ది" అన్నాడు. వైరు మీది ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంటుంది. అది కాలినప్పుడు ఆమ్లపు పొగతో పాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి; పక్కనున్న రాగి ఆ చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. పైగా కాల్చిన రాగి నల్లబడి తక్కువ ధరకు పోతుంది, ఒలిచిన మెరుపు రాగికి ఎక్కువ ధర పలుకుతుంది. అతనికి ఆరోగ్యం పోతోంది, డబ్బూ పోతోంది. తీగ ఒలిచే చిన్న మోటారు యంత్రం ఒకటి, పైన రేకుల కప్పు, కరెంటు కనెక్షను ఉంటే ఆ మంట అవసరం లేదు. ప్రతి పట్టణంలో మీరు నడుపుతున్న చెత్త వేరుచేసే కేంద్రాల్లో ఒక మూలన ఆ యంత్రం పెట్టి, కిలోకు ఇంతని కొద్ది రుసుము తీసుకుని ఎవరైనా వచ్చి ఒలుచుకునే వీలు కల్పించండి. మంట పెట్టినవాడికి జరిమానా వేసే ముందు అతనికి వెళ్ళడానికి ఒక చోటు ఉండాలి.

బోర్డుల విషయంలో నష్టం ఇంకా పెద్దది. సర్క్యూటు బోర్డులో నూటికి పదిహేను ఇరవై పాళ్ళ దాకా రాగి ఉండవచ్చు. మన గనుల ముడిరాయిలో నూటికి ఒక పాలు అటూ ఇటూ. టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం జపాన్ ప్రజలు 2017 నుంచి 2019 వరకు ఇచ్చిన 78,985 టన్నుల పాత పరికరాల నుంచి, 62 లక్షలకు పైగా సెల్‌ఫోన్ల నుంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి తీశారు. మన దగ్గర ఇళ్ళ వెనుక ఆమ్లంలో ముంచి తీసేవాళ్ళకు ఎంత దక్కుతుంది? ఇటువంటి పనిని బెంగళూరులో పరిశీలించినవారు బోర్డులోని బంగారంలో దాదాపు నాలుగో వంతు మాత్రమే చేతికి వస్తున్నదని, పెద్ద శుద్ధి కర్మాగారాల్లో నూటికి తొంభైఅయిదు పాళ్ళు వస్తుందని లెక్కగట్టారు. మిగతా ముప్పాతిక బంగారం ఆమ్లంతోనూ వ్యర్థాలతోనూ పాటు పోతుంది.

మరి బోర్డులు ఎక్కడున్నాయి? చాలావరకు మీ కార్యాలయాల్లోనూ, మేము పనిచేసిన బడుల్లోనూ తాళం వేసిన గదుల్లో ఉన్నాయి. నేను పనిచేసిన ఒక చోట పాత కంప్యూటర్ల గది తాళంచెవి పదకొండేళ్ళు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. లోపలి సామాను మాత్రం మారలేదు. పనికిరావని తేల్చి కండెమ్ చేయడానికి కమిటీ కూర్చోవాలి, కమిటీకి పాత ధర కావాలి, పాత ధర ఉన్న స్టాకు రిజిస్టరును చెదలు తిన్నాయి. ఆడిట్‌కు భయపడి ఎవరూ సంతకం పెట్టలేదు. ఆ గదిలోని పెద్ద గాజు మానిటర్లు ఒక్కొక్కదానిలో కిలో దాకానో, అంతకు మించో సీసం ఉండవచ్చు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇ-వ్యర్థాల నిబంధనలు నమోదైన రీసైక్లర్లకు బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాలను తిరిగి తీసిన లెక్కన ధ్రువపత్రాలు ఇస్తున్నాయి. ఎలక్ట్రానిక్ పరికరాల తయారీదారులు వాటిని కొనుక్కోవాలి. అంటే పాత కంప్యూటరుకు ఇప్పుడు చట్టబద్ధమైన కొనుగోలుదారు ఉన్నాడు. ప్రతి కార్యాలయం ఏడాదికి ఒక నెలలో పాత సామాను జాబితా తయారుచేసి, పాత ధర దొరకకపోయినా ప్రస్తుత తూకం ప్రకారం రాసి, నమోదైన రీసైక్లర్‌కు అప్పగించేలా పాలకవర్గ తీర్మానం చేయండి. అధికారికి భయం తగ్గేది తీర్మానంతోనే.

గంజాం జిల్లా వారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఛత్రపురం తీరపు ఇసుక నుంచి 1986 నుంచి అరుదైన ఖనిజాలను వేరుచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ మీ జిల్లాలోనే ఉంది. పాత హార్డ్‌డిస్కులో వేలెడంత అయస్కాంతం ఉంటుంది; అందులోని నియోడిమియం, ఆ ఇసుక ఖనిజాల్లో దొరికే అరుదైన మృత్తిక లోహాల కుటుంబానికే చెందినది. ఇటువంటి వ్యర్థాల నుంచి కీలక ఖనిజాలు వెలికితీసే పరిశ్రమలకు ప్రోత్సాహంగా కేంద్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో 1,500 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. అందులో మూడో వంతు చిన్న, కొత్త సంస్థలకు కేటాయించారు. ఒక పరిశ్రమ ఇక్కడికి రావాలంటే ఇక్కడ సరుకు ఎంత దొరుకుతుందో చెప్పే కాగితం కావాలి. నాకు తెలిసినంతలో ఆ కాగితం ఈనాడు ఏ పట్టణం దగ్గరా లేదు. మన తుక్కు రాష్ట్ర సరిహద్దులోని గిరిసోల దాటి, ఇచ్ఛాపురం మీదుగా లారీల్లో పోతున్నది. ఏ లారీలో ఏమి పోయిందో మనకు తెలియదు.

ఈ పని చేసేవాళ్ళను కొత్తగా తేనక్కరలేదు. ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త వేరుచేయడం నేర్పిన స్వచ్ఛ సాథీలు మీకు ఉన్నారు. వేరుచేసే కేంద్రాలను నడుపుతున్న మహిళా సంఘాలు ఉన్నాయి. వారికి బోర్డు, బ్యాటరీ, కేబులు, ఫిల్ము అన్న నాలుగు రకాలను గుర్తుపట్టడం నేర్పి, నెలకొక ఆదివారం వాటిని మాత్రమే సేకరించే రోజుగా పెట్టండి. ఆ చాటింపు ఒడియాతో పాటు తెలుగులోనూ వేయించండి, మా వీధుల్లో పెద్దవాళ్ళకు అది తెలుగులోనే చేరుతుంది. కబాడి పనివారికి గుర్తింపు కార్డు, రసీదు పుస్తకం ఇవ్వండి. ఈ రోజున తోపుడుబండిలో నాలుగు కిలోల రాగి ఉన్న మనిషిని ఎవరైనా ఆపి దొంగసొత్తు అనవచ్చు. తాను డబ్బిచ్చి కొన్నానని చూపడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. రసీదు ఉంటే నిజాయితీపరుడికి రక్షణ, మీకు లెక్క.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో అవుతాయని నేను అనుకోవడం లేదు. ఈ వేసవికి ఒక్కటి చేయండి. ఏ పట్టణమైనా సరే, బంగారుపని వీధి కాలువ నుంచి ఒక్క ట్రాక్టరు పూడికను మిగతా మట్టితో కలపకుండా, చెత్త వేరుచేసే కేంద్రంలో పట్టా పరిచి ఆరబెట్టించండి. మామ్మ పోయాక ఆవిడ కొడుకు చెక్క మరిగెను తెచ్చి మా నాన్నగారికి ఇచ్చాడు. అది మా ఇంట్లోనే ఉంది. పాదరసం జోలికి పోకుండా, నీటితో కడిగి నల్ల ఇసుక దాకా తీయడం వరకు మీ కార్యకర్తలకు నేను చేసి చూపగలను. ఆ ఇసుకను సీసాలో వేసి, వీధి పేరు, తేదీ రాసి భువనేశ్వర్‌కు పంపవచ్చు. పూడిక తీసే తేదీని వారం ముందుగా తెలియజేస్తే మరిగె తీసుకుని వస్తాను.

ఇట్లు,
విధేయురాలు,
విశ్రాంత రసాయన శాస్త్ర ఉపాధ్యాయిని,
బరంపురం